ఒక టెరాబైట్ రాగం

సౌదీలోని యాన్బులో రామాంజి గారి కారు ఎక్కడం అదృష్టమని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. అనుకోనివ్వండి, ఒక్క రోజే కదా. కారు పెద్దది, సీట్లు మెత్తన, ఏసీకి వంక పెట్టడానికి లేదు, పైగా మనిషి పైసా పుచ్చుకోరు. పొద్దున్నే కంపెనీ బస్సులో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వెళ్ళే ఖర్మ లేకుండా ఊళ్ళోంచి ప్లాంటు గేటు దాకా దర్జాగా దింపుతారు. కాకపోతే తలుపు వేసీ వెయ్యగానే డ్యాష్‌బోర్డులోంచి హార్మోనియం కుయ్యిమంటుంది. ఆ తర్వాత గేటు వచ్చేదాకా మాట్లాడటానికి వీల్లేదు, దిగడానికి అసలే వీల్లేదు.

హార్మోనియం వెనకాల వచ్చే గొంతు రామాంజి గారిదే. కుర్రతనంలో అనంతపురం చుట్టుపక్కల పద్యనాటకాల్లో వేషాలు కట్టిన గొంతు. ఇప్పుడాయన ఒక కాంట్రాక్టు కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. ఉద్యోగం మారినా లోపలి కళాకారుడు ఎక్కడికీ పోలేదు, అదే వచ్చిన చిక్కు. ఏనాడో సెలవు మీద ఊరెళ్ళినప్పుడు ఒక స్టూడియో అద్దెకు తీసుకుని, తాను రాసిన పద్యాలన్నీ తానే పాడి సీడీలు చేయించుకొచ్చారు. పేరు రక్షణ శతకం. పేరు చూసి దేవుడి మీద రాశారనుకునేరు. హెల్మెట్టు మీద, గ్లవ్సుల మీద, నిచ్చెన పట్టుకునే పద్ధతి మీద రాశారు.

తలకు టోపి లేక తలుపు దాటినవాని
పైన పాన పడిన పాడె గతియె
చేతి తొడుగు లేక చెయ్యి పెట్టకుమోయి
రక్ష లేని చోట రాకు బాబు

ఇలాంటివి నూటెనిమిది. ఛందస్సు కోసం పానా తన దీర్ఘాన్ని పోగొట్టుకుంది గానీ, ఆ దీర్ఘం ఎక్కడికీ పోలేదు, అంతకు పదింతలై "బాబు" చివర చేరింది. రౌండ్‌అబౌట్ దగ్గర మొదలైన ఆ రాగం రిఫైనరీ గోడ దాటాక గానీ దిగేది కాదు. అది దిగాక హార్మోనియం ఇంకొకటి అందుకునేది.

రెండేళ్ళుగా ముందు సీట్లో కూర్చుని ఇదంతా వింటున్న మనిషి థామస్. నరసాపురం వాడు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను, నోట్లో నాలుక లేనివాడని పేరు. వెనక సీట్లో మస్తాన్ వలీ. ప్రొద్దుటూరు వాడు, వెల్డరు. అతనికి నోట్లో నాలుక ఉంది, కానీ ఎదురుగా ఉన్నది సూపర్‌వైజరు కాబట్టి దాన్ని గేటు దాటాక వాడుకునేవాడు.

కారు పాత మోడలు. ఇప్పటి కార్లలా ఫోను కలుపుకోవడాలూ అవీ లేవు. ప్లేయరు పొట్టలోనే ఒక హార్డ్‌డిస్కు ఉంటుంది. సీడీ పెడితే దాన్ని చదివి పాటల్ని ఆ డిస్కులో దాచుకుంటుంది, ఇక సీడీతో పని లేదు. పని లేదని నమ్మి రామాంజి గారు సీడీలన్నీ ఊరికి పంపేశారు. అక్కడ ఆయన భార్య జయ వాటిని దారాలకు కట్టి మేడ మీద వేలాడదీసింది. ఎండకు తళుక్కుమంటుంటే పావురాలు వాలడం లేదట, కాకపోతే గాలికి గోడకు రాసుకుని ఒళ్ళంతా గీతలు పడి ఇక ఏ ప్లేయరులోనూ పలకడం లేదట. ఈ సంగతి చెప్పి రామాంజి గారు నొచ్చుకుంటున్నప్పుడు మస్తాన్ వలీ "పావురాలకుండే తెలివి" అని మొదలుపెట్టి, మిగతాది దగ్గులోకి మార్చేశాడు.

పద్యాలు రాసుకున్న నోటుబుక్కు ఆ స్టూడియోలోనే పోయింది. అలా లోకం మొత్తంలో రక్షణ శతకానికి మిగిలిన చోటు ఆ కారు డిస్కు ఒక్కటే. ఈ సంవత్సరం ఎండలు ముదిరాక దానికి జబ్బు చేసింది. లోపల్నుంచి టక్కుటక్కుమని చప్పుడు. పద్యం మధ్యలో ఆగిపోవడం, ఆగినచోటే మళ్ళీ మళ్ళీ తిరగడం. ఒకరోజు "పాడె గతియె" దగ్గర ఆగి, ప్లాంటు గేటు దాకా పాడె, పాడె, పాడె అంటూనే వచ్చింది. మస్తాన్ వలీ ముఖంలో అంత ప్రశాంతత థామస్ అంతకు ముందు చూడలేదు.

"ఎక్కువ దినాలు బతకదన్నా అది," అన్నాడు దిగాక. "ఆ అల్లా మన మొర ఆలకించినాడు."

రామాంజి గారు అంత తొందరగా ఓడిపోయే రకం కాదు. మర్నాడు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ చల్లగా చెప్పారు.

"టామసూ, ఈ డిస్కు నలభై జీబీది బ్బా. శానా చిన్నది. ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పిచ్చినా, ఒక టీబీది. తిరిగే చక్రాలూ గిక్రాలూ ఏం లేవంట దాంట్లో, ఎంత ఎండకైనా తట్టుకుంటాదంట. పాతదాంట్లో ఉండేవి దీంట్లోకి ఎక్కియ్యల్ల. నువ్వు ఇన్‌స్ట్రుమెంటోనివి కదా, నీకు తెలుస్తాది."

"ఒక టీబీ అంటే చాలా పెద్దదండి సార్," అన్నాడు థామస్. "మీ శతకం అందులో ఓ మూలక్కూడా రాదండి."

"అందుకే కదబ్బా రెండో శతకం రాస్తాండేది. ఫైర్ సేఫ్టీ మీద."

వెనక సీట్లో ఏదో కింద పడిన చప్పుడైంది. మస్తాన్ వలీ టిఫిను డబ్బా.

ఇక్కడ థామస్ సంగతి చెప్పాలి, లేకపోతే ఇతనెందుకు ఇంత భయపడుతున్నాడో అర్థం కాదు. అతని భార్య రూబీ యాన్బులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళయిన కొత్తల్లోనే ఆవిడ ఇటు వచ్చేసింది. మొగుణ్ణి తన ఇకామా మీద, అంటే అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్టు మీద, తెచ్చుకోవడం ఆమె కాంట్రాక్టులో లేదన్నారు. థామస్ నరసాపురంలో ఉండిపోయి మూడేళ్ళ పాటు ఫోనులో కాపురం చేశాడు. తెర మీద భార్య అన్నం తింటుంటే చూస్తూ తానూ తినడం, నెట్ ఆగిపోతే ముద్ద నోటి దగ్గరే ఆగిపోయిన భార్య బొమ్మను చూస్తూ కూర్చోవడం. ఆ కాపురం మళ్ళీ చెయ్యమంటే ఎర్ర సముద్రంలో దూకుతాడు గానీ చెయ్యడు. ఈ కంపెనీలో పని దొరికాకనే ఇద్దరూ ఒక గదీ ఒక వంటిల్లూ ఉన్న ఫ్లాట్లో ఎదురెదురుగా కూర్చుని తింటున్నారు. ఆ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. పొడిగించాలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపాలో తేల్చేది సూపర్‌వైజరు సంతకం. ఆ కాగితం రామాంజి గారి సొరుగులో పడి ఉంది. అడిగినప్పుడల్లా "చూస్తాంలే బ్బా" అంటున్నారు.

రామాంజి గారు దానికీ దీనికీ ముడిపెట్టే మనిషి కాదు. ఆ మాట ఆయనే చెప్పారు, ఎవరూ అడక్కుండానే, రెండుసార్లు.

గేటు దాటాక మస్తాన్ వలీ థామస్ చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుతా. డిస్కు సచ్చిపోయింది, ఏం రాల్యా అని చెప్పు. సచ్చినదాన్ని ఎవరేం చేస్తారు?"

"నా రెన్యూవల్ సంగతో?"

"ఆయన ముడిపెట్టడు కదన్నా."

"రెండుసార్లు చెప్పాడు. ఒకసారి చెప్పుంటే నమ్మేవాణ్ణి."

ఇంటికెళ్ళి రూబీకి చెప్పాడు. మస్తాన్ వలీ అన్నదీ చెప్పాడు. రూబీ ఒకే ఒకసారి జిద్దా వెళ్ళొచ్చినప్పుడు ఆ కారెక్కింది. వెళ్ళేటప్పుడు శతకం, వచ్చేటప్పుడు శతకం. ఇంటికొచ్చి రెండు మాత్రలు వేసుకుని పడుకుంది. అలాంటి మనిషి కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఒక్క రాగం కూడా పోవడానికి వీల్లేదండి. హార్మోనియం వాయించినాయన దగ్గు ఉంటే ఆ దగ్గూ రావాలి. మీరు మళ్ళీ ఆ ఫోన్లోకి వెళ్ళిపోతే నా వల్ల కాదు. నాకు భయమేస్తందండి."

ఆవిడ అలా పైకి చెప్పడం అరుదు. థామస్ సరేనని తలూపాడు.

శుక్రవారం పొద్దున్నే కారు డ్యాష్‌బోర్డు విప్పి డిస్కు బయటికి తీశాడు. అరచేతిలో పట్టేంత ఉంది. రెండేళ్ళ హింస అంత చిన్న పెట్టెలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ ప్లేయరు పాటల్ని తన సొంత భాషలో దాచుకుంటుంది, విడిగా కాపీ చెయ్యనివ్వదు. డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి దించుకోవాల్సిందే. ల్యాప్‌టాపుకు రెండింటినీ తగిలించి, పాతదాని పక్కన టేబులు ఫ్యాను పెట్టి కూర్చున్నాడు. అది మూలిగింది, ఆగింది, టక్కుటక్కుమంది, మళ్ళీ కదిలింది. ఐసీయూలో పనిచేసే రూబీ ఒకసారి వచ్చి చూసి, "ఎంత శాతం?" అని మాత్రం అడిగి వెళ్ళింది. మధ్యాహ్నానికి కాపీ పూర్తయింది. పూర్తయిన కాసేపటికే పాత డిస్కు ఒకసారి గట్టిగా గీరుకుని ఆగిపోయింది, ఇంక ఎన్నిసార్లు తగిలించినా పలకలేదు. తన బాధ్యత తీర్చుకుని పోయిందని థామస్‌కు దాని మీద గౌరవం కలిగింది.

జుమ్మా నమాజు అయ్యాక రామాంజి గారు, మస్తాన్ వలీ ఇద్దరూ వచ్చారు. బిల్డింగు కింద నీడలో కారు ఉంది. రామాంజి గారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు. మస్తాన్ వలీ మసీదు నుంచి నేరుగా వచ్చి, చావు చూడటానికి వచ్చినవాడి ముఖంతో వెనక కూర్చున్నాడు. థామస్ కాళ్ళు బయట పెట్టి, తల డ్యాష్‌బోర్డు కిందికి దూర్చి, నోట్లో మూడు స్క్రూలు పెట్టుకుని కొత్త డిస్కు బిగిస్తున్నాడు. తెర వెలిగింది. బ్యాటరీ తీసి పెట్టడం వల్ల ప్లేయరు తన పుట్టుభాషలోకి వెళ్ళిపోయింది, అంతా అరబ్బీ.

"టామసూ, అరబ్బీలో వచ్చె."

"ఊ," అన్నాడు థామస్ స్క్రూల మధ్య నుంచి.

రామాంజి గారికి అరబ్బీ రాదని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోరు. అక్షరాలు కూడబలుక్కుంటారు. అర్థాలు బోర్డుల మీద నుంచి నేర్చుకున్నారు. ప్లాంటు గేటు దగ్గర, హోటళ్ళ దగ్గర, ఆఖరికి జ్యూసు కొట్టు మీద కూడా నలుపూ తెలుపూ గళ్ళ కోడ్ పెట్టి దాని మీద "ఇమ్‌సహ్" అని రాసి ఉంటుంది, అంటే ఫోను పెట్టి స్కాన్ చెయ్యమని. రోజూ చూసే మాట. ఇప్పుడు తెర మీద అదే మాట ఆయనకు కనిపించింది.

"మసహ్ అల్‌కుల్, అంటాంది బ్బా. అల్‌కుల్ అంటే అంతా. మసహ్ అంటే స్కాను. పాటలన్నీ స్కాన్ చెయ్యాల్నా అని అడుగుతాంది. కొత్త డిస్కు కదా, పాపం దానికేం తెలుసు. చెయ్యాల్నా?"

ఆ మాటలో తప్పు పట్టడానికేముంది? కొత్త డిస్కు పెడితే ఏ యంత్రమైనా ముందు స్కాన్ చేసుకోవాల్సిందే. థామస్ స్క్రూలు చేతిలోకి ఉమ్ముకుని మరీ చెప్పాడు. "చెయ్యండి సార్. స్కాన్ చెయ్యకపోతే పాటలు కనపడవండి."

నొక్కారు. నఅమ్, లా అని రెండు గళ్ళు వచ్చాయి. నఅమ్ అంటే అవునని రామాంజి గారికి బ్రహ్మాండంగా తెలుసు. ఆయన దాన్నీ నొక్కారు. తెర మీద ఒక గీత గబగబా నిండింది. రాత్రింబవళ్ళు గొంతు చించుకున్న శతకం ముక్కు చీదుకునేంత సేపట్లో అయిపోయింది.

థామస్ లేచి వచ్చి భాష ఇంగ్లీషులోకి మార్చాడు. పాటలు: సున్నా. మళ్ళీ చూశాడు. సున్నా చెక్కుచెదరలేదు. అప్పుడర్థమైంది అతనికి, స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"ఏమాయ బ్బా?" అన్నారు రామాంజి గారు.

"అది స్కాన్ కాదండి సార్. డిలీట్ ఆల్ అండి."

రామాంజి గారు సున్నాను వేలితో ఒకసారి తుడిచి చూశారు. గొడవపడి ఉంటే బాగుండేది. తెర వంక చూస్తూ, "పాత డిస్కు ఉంది కదా," అన్నారు. అది పోయిందని థామస్ చెప్పాడు. "నువ్వే కదబ్బా స్కాన్ చెయ్యమంటివి," అన్నారు తర్వాత, నెమ్మదిగా. అది నిజమే. మస్తాన్ వలీ దిగీ దిగగానే ఆయన కారు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ కారు అంత నిశ్శబ్దంగా వెళ్ళడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

మస్తాన్ వలీ మాత్రం పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాడు. కారు మలుపు తిరిగాక నవ్వు ఆగలేదు అతనికి.

"అన్నా, నాకు తెలుసన్నా. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు తడిచెయ్యి తల మీద తిప్పుకునేది మసహే కదా. తుడిచేది. దినానికి ఐదుసార్లు చేస్తాం. ఆయన మసహ్ అనంగనే నా గుండె ఆగిపాయ. కిక్కురుమనకుండా కూచుంటి."

"నీకు తెలిసి ఊరుకున్నావా?"

"మనకు పీడ పోయింది కదన్నా."

"నీకు పోయిందయ్యా పీడ. నా రెన్యూవల్ కూడా దాంతోనే తుడుచుకుపోయింది. రూబీకి ఏం చెప్పను?" థామస్ గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు. "నెలాఖరుకి నేను విమానం ఎక్కితే నువ్వు హాయిగా పాటలు లేని కారులో పోదువుగాని."

మస్తాన్ వలీ నవ్వు పోయింది. పీడ సంగతి ఒక్కటే ఆలోచించాడు, రెన్యూవల్ సంగతి అతని బుర్రకు తట్టలేదు. "తప్పైపాయన్నా," అని, తల గోక్కుని, మళ్ళీ "తప్పైపాయ" అన్నాడు. ఆ మాట ఏ సొరుగూ తెరవలేదు. థామస్ మేడెక్కి చెబితే రూబీ ఏడవలేదు, తిట్టలేదు. అన్నం వడ్డించి తాను మాత్రం తినకుండా కూర్చుంది.

ఆదివారం పొద్దున్న కారు వచ్చింది. రాదనుకున్నాడు థామస్. ఇద్దరూ ఎక్కారు. హార్మోనియం లేదు. ఏసీ చప్పుడు, టైర్ల చప్పుడు. రెండేళ్ళుగా ఏ నిశ్శబ్దం కోసం మొక్కుకున్నారో అదే వచ్చి మధ్యలో కూర్చుంది, ఎవరికీ సుఖంగా లేదు. రామాంజి గారి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రౌండ్‌అబౌట్ దగ్గర ఆయన గొంతు సవరించుకుని తానే ఎత్తుకున్నారు.

"తలకు టోపి లేక తలుపు దాటినవాని..."

గొంతు దాటినవాని దగ్గరే జీరబోయింది. దుమ్మూ ఏసీ గాలీ కలిసి ఎన్నేళ్ళుగానో తింటున్న గొంతు అది. దానికి తోడు రెండో పాదం గుర్తు రాలేదు. "పైన" అన్నారు. మళ్ళీ "పైన" అన్నారు. నాటకాల రోజుల్లోనూ తెర పక్కన మనిషి అందించకపోతే ఆయనకు పద్యం నడిచేది కాదు. సీడీలు చేసింది అందుకేనేమో. మూడోసారి కూడా అక్కడే ఆగిపోతే థామస్‌కు మొదటిసారి ఆయన మీద నిజంగా జాలి కలిగింది. అవి ఉత్త పద్యాలు కావు, ఆయన పడుచు గొంతు అందులో ఉండేది.

"పైన పాన పడిన పాడె గతియె," అని వెనక నుంచి వచ్చింది.

మస్తాన్ వలీ అన్నాక నోరు మూసుకున్నాడు, దొంగతనం చేస్తూ దొరికినవాడి ముఖం పెట్టి. కానీ అప్పటికే థామస్ నోటి నుంచి మూడో పాదం జారిపోయింది. నాలుగోది ఇద్దరూ కలిసి అన్నారు, "బాబు" చివర రాగంతో సహా, అది మొదలయ్యే చోటే మొదలై, రిఫైనరీ గోడ దాటాక దిగింది. తాము ఏమైపోయారో ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

రామాంజి గారు కారు పక్కకు ఆపారు. "నిచ్చెన పద్యం?" అన్నారు. చెప్పారు. "గ్యాసు మాస్కు?" చెప్పారు. "వెల్డింగు కండ్లద్దాలు?" అది మస్తాన్ వలీ ఒక్కడే, వద్దనుకుంటూనే, హార్మోనియం ముక్క కూడా నోటితో వాయించి మరీ చెప్పాడు. ఆ పొద్దు ముగ్గురూ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళారు.

"రెన్యూవల్ సంగతి..." అన్నాడు థామస్ గేటు దగ్గర.

"ముందు అవన్నీ డిస్కులోకి ఎక్కియ్యండబ్బా. మీ గొంతులతోనే. నా గొంతు ఇంగ రాదు. కవిని నేనే కదా, చాలు." దిగబోతున్న థామస్‌ను ఆపి, "దానికీ దీనికీ ముడిపెడతాండానని అనుకోవద్దు," అన్నారు. ఇది మూడోసారి.

తర్వాతి రోజులు థామస్ ఫ్లాటు నాటక సమాజమైంది. బయటి చప్పుడు రాకుండా కిటికీకి రెండు దుప్పట్లు కొట్టారు. డ్యూటీ దిగి రావడం, ఫోను ముందు కూర్చుని పద్యాలు ఎత్తుకోవడం. హార్మోనియం ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఆ పని మస్తాన్ వలీ నోటికే పడింది. కిక్కురుమనకుండా కూర్చున్నందుకు నోరు నొప్పి పుట్టేదాకా కుయ్యికుయ్యిమని అన్నాడు. రామాంజి గారు సోఫాలో కూర్చుని టీ తాగుతూ "ఆ, అట్లనే" అనేవారు. ఎట్లనో ఆయనకు గుర్తుంటే కదా, తప్పులు పట్టడానికి. రూబీ నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంది. ఆ ప్లేయరు సీడీ తప్ప ఇంకేదీ తీసుకోదు. ఖాళీ సీడీలు యాన్బు మొత్తం వెతికినా దొరకలేదు. చివరికి మస్తాన్ వలీ చుట్టం ఒకాయన రియాద్ బతా బజారులో పట్టుకుని పంపించాడు. దుకాణం వాడు వాటి మీద దుమ్ము తుడిచి, ఇవి దేనికి వాడతారని అడిగాడట.

చిత్రమేమిటంటే థామస్ బాగా పాడాడు. నరసాపురం చర్చిలో చిన్నప్పుడు పాడిన గొంతు, నోట్లో నాలుక లేనివాడి గొంతు, రాగం దగ్గరికొచ్చేసరికి ఊపందుకునేది. ఒకటికి రెండుసార్లు తనే వద్దని చెరిపి మళ్ళీ పాడేవాడు. "సరిపోతుందన్నా, కానీ," అని మస్తాన్ వలీ బతిమాలినా వినేవాడు కాదు. "ఆ గమకం అలా కాదయ్యా," అనేవాడు. ఒకరోజు స్నానం చేస్తూ కూడా అవే పద్యాలు ఎత్తుకుంటే, రూబీ తలుపు బయట నిలబడి చాలాసేపు విని వెళ్ళిపోయింది.

నెలాఖరుకు ముందు ఆదివారం పొద్దున్న. రూబీ ఆసుపత్రి బస్సు రాలేదని ఆమె కూడా కారెక్కింది, వెనక మస్తాన్ వలీ ఆ చివర, ఈమె ఈ చివర. కారు కదలక ముందే రామాంజి గారు జేబులోంచి మడత కాగితం తీసి థామస్ చేతిలో పెట్టారు. సంతకం ఉంది. థామస్ దాన్ని రెండుసార్లు చదివి వెనక్కి అందించాడు. రూబీ చదివి, చున్నీతో కళ్ళు ఒత్తుకుని, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడండి సార్," అంది. కాగితం మడిచి బ్యాగులో అన్నిటికంటే కిందికి పెట్టుకుంది.

"ఇంగ విందాం," అన్నారు రామాంజి గారు, తాంబూలం వేసుకున్నంత తృప్తిగా. నొక్కారు.

మస్తాన్ వలీ కుయ్యిమన్నాడు. థామస్ ఎత్తుకున్నాడు. మొదటి పద్యానికి రామాంజి గారు కళ్ళు సగం మూసుకుని తల ఊపారు. రెండోదానికి ఊపు తగ్గింది. మూడోదానికి సీట్లో ఇటూ అటూ సర్దుకున్నారు. నాలుగో పద్యంలో "బాబు" దగ్గర రాగం మొదలైంది. రిఫైనరీ గోడ దాటింది, పెట్రోలు బంకు దాటింది, ఇంకా సాగుతూనే ఉంది. ఆయన చెయ్యి మెల్లగా వాల్యూం మీదికి వెళ్ళింది.

"రాగం శానా పొడుగుండాదే బ్బా. ఎందుకంత తీసినావు?"

"నేనెక్కడ తీశానండి సార్? మీరు తీసిందే."

"నేనా? నేను ఇంత తీసింటానా?"

"రెండేళ్ళు రోజూ విన్నానండి. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు."

రాగం మీద రాగం ఎక్కుతుంటే రామాంజి గారి ముఖం ముడుచుకుంటూ పోయింది. రోజూ ఈ సీట్లలో కూర్చున్న ఇద్దరి వంకా ఒకసారి అద్దంలోంచి, ఒకసారి పక్కకి తిరిగి చూశారు, ఏదో అడగాలనుకుని అడగలేక. తర్వాత ప్లేయరు కట్టేశారు. కారులో హాయిగా ఏసీ చప్పుడు వినిపించింది. రెండేళ్ళలో ఎవరూ చెయ్యలేని పనిని కవిగారే చేశారు, మస్తాన్ వలీ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

థామస్ చెయ్యి చాచి మళ్ళీ పెట్టాడు.

"చివరి పాదం వినలేదండి సార్ మీరు," అన్నాడు, కొంచెం కోపంగానే. "అసలు పట్టంతా అక్కడే ఉంది." రామాంజి గారు మళ్ళీ చెయ్యి చాచబోతే తన చెయ్యి అడ్డం పెట్టి, వాల్యూం ఇంకాస్త పెంచి, తన గొంతు వింటూ వేళ్ళతో మోకాలి మీద తాళం వేయసాగాడు.

వెనక సీట్లో రూబీ మొగుడి తలకాయ వంక కాసేపు కన్నార్పకుండా చూసింది. బ్యాగు తెరిచింది. అన్నిటికంటే కిందికి పెట్టిన కాగితం పైకి తీసి, మడత విప్పింది.

"మస్తాన్ వలీ గారూ, ఈ రెన్యూవల్ ఎన్నేళ్ళకండి?"

"రెండేళ్ళు సిస్టర్," అన్నాడు మస్తాన్ వలీ, కిటికీకి తల ఆనించుకుని. "కావాలంటే పొడిగిస్తారంట."